నారపల్లి వాగులో దొరికిన బొక్క

నాచారంలోని ఆ అపార్ట్‌మెంటు మెట్లు దోర్కా నాలుగేళ్లుగా తుడుస్తోంది. అచ్యుతరావు గారి గుమ్మం ముందు రోజూ తుడిచేదే కానీ ఏనాడూ బెల్లు కొట్టలేదు. ఆ సోమవారం పొద్దున మాత్రం చీపురు గోడకు ఆనించి, చేతిసంచిని చంకలో అదిమిపట్టుకుని బెల్లు నొక్కింది.

"సార్, మీరు రాళ్ల సదువు చెప్పిన్రంట గదా. జర ఇది సూడుండ్రి."

అచ్యుతరావు కాకినాడ కాలేజీలో ముప్పై ఏళ్లు భూగర్భశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఆమె సంచిలోంచి తువ్వాలు తీసి విప్పింది. అందులో జానెడు పొడుగు ముక్క. ఒక కొస గుండ్రంగా ఉంది, రెండో కొస విరిగింది. మీద తెల్లగా సున్నపు పెచ్చు.

"ఎక్కడిదమ్మా?"

"నారపల్లి అవతల ఎండిన వాగుల. నిన్న దొరికింది."

దోర్కా భర్త రవి కుమార్ మల్లాపూర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు. రెండు వానాకాలాల కింద, ఒక గురువారం, పనికని బయలుదేరి మళ్లీ ఇంటికి రాలేదు. ఫోను చివరిసారి నారపల్లి దగ్గర ఆగిపోయిందని పోలీసులు చెప్పారు. ఆ వారం వాగు పొంగిందని ఊరివాళ్లు చెప్పారు. అప్పటి నుంచి ఆదివారం ప్రార్థన కాగానే ఆమె బస్సెక్కి అక్కడికి పోయి, ప్లాట్ల హద్దురాళ్ల మధ్యగా వాగులోకి దిగి నడుస్తుంది. ఎవరైనా అడిగితే కట్టెల కోసం వచ్చానంటుంది. నిన్న గట్టు విరిగిపడిన చోట ఈ ముక్క కనబడింది. స్టేషన్‌కు పట్టుకెళ్తే కానిస్టేబుల్ చేత్తో ఎత్తి చూసి, "బొక్క గాదమ్మా, రాయి ఇది. ఎంత బరువున్నదో సూడు" అని తిరిగిచ్చేశాడు. రాయికి లోపల ఎముకకున్నట్టు సన్న చిల్లులెందుకున్నాయో అతను చెప్పలేదు.

ఇదంతా ఆమె గుమ్మంలో నిలబడే, ఆగి ఆగి చెప్పింది. అచ్యుతరావు భూతద్దం తెచ్చి చాలాసేపు చూశాడు.

"రాయే. కానీ ఒకప్పుడు ఎముక."

"ఒకప్పుడంటే? రెండేండ్లా సార్?"

ఆయన తలెత్తి ఆమె ముఖం చూశాడు. "కాదమ్మా. చిల్లుల్లో ఖనిజం చేరి ఎముక ఇలా రాయి కావాలంటే వేల ఏళ్లు పడుతుంది. శిలాజం అంటాం. నా మాటతో నీకు నమ్మకం కుదరదు. లోపలికి రా."

వంటింట్లో స్టవ్ వెలిగించి, దబ్బనాన్ని పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చాడు. "కొత్త ఎముకైతే, దీన్ని ఆనించగానే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. నువ్వే వాసన చూడు."

దోర్కా వంగింది. ఊపిరి పీల్చడానికి భయమేసింది. పీల్చింది. కాలిన ఇనుము వాసన తప్ప ఏమీ లేదు. ఆయన ఇంకోచోట ఆనించాడు. అక్కడా లేదు.

"మీ ఆయనది కాదమ్మా. ఈ లావు చూస్తే ఏదో పెద్ద పశువుది. ఏ పశువో ల్యాబులో తేల్చాలి."

ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. అది రవి కుమార్‌ది కాకూడదని దండం పెట్టుకుంటూనే ఆమె కూడా మెట్లెక్కింది. తీరా ఆ మాట విన్నాక వంటింటి గచ్చు మీద కూలబడింది.

"సార్, మీ కాళ్లు మొక్కుత. ఇది మనిషిదని ఒక కాయితం రాసియ్యుండ్రి."

"ఏమంటున్నావమ్మా?"

"కొడుకు వచ్చేదాంక ఒంటిపూటే తింటనని మా అత్త మొక్కుకున్నది. రెండేండ్లాయె. నిలవడితే తూలుతున్నది. ఆ కాయితం సూపిస్తే దీన్ని పెట్టెల వెట్టి మట్టి చేస్తం. పాస్టర్ ప్రార్థన జేస్తడు. ముసల్ది ఏడుస్తది. ఏడ్సి ఇంత తింటది."

"రేపు అతను తిరిగొస్తే?"

"రాడు సార్."

అనేసి, చేత్తో నోరు మూసుకుంది. రెండేళ్లలో ఆ మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

అచ్యుతరావు స్టవ్ ఆర్పాడు. "అబద్ధం రాయలేనమ్మా. పశువు ఎముకను పాతిపెట్టి ఇదే మా ఆయన అనుకున్నావే అనుకో. వచ్చే ఆదివారం నువ్వు ఎక్కడికి వెళ్తావు? ఆ గోరీ దగ్గరికా, వాగుకా?"

ఆమె ముక్కను మళ్లీ తువ్వాల్లో చుట్టుకుని లేచింది.

లాలాపేటలో అద్దెగదికి చేరేసరికి ఎముక దొరికిన సంగతి ముందే విన్న అత్త దానమ్మ గోడకానుకుని ఎదురుచూస్తోంది. కాగితం లేకున్నా సరే, సారు అది మనిషిదే అన్నాడని చెప్పేద్దామని దారంతా అనుకుంటూ వచ్చింది దోర్కా. ఆ కళ్లు చూశాక నోరు రాలేదు.

"పశువుదంట అత్తమ్మా. వేల ఏండ్ల కిందటిదంట."

"దేవునికి స్తోత్రం" అని చేతులెత్తిన దానమ్మ, కోడలి ముఖం చూసి దించేసింది. "మరెందుకేడుస్తున్నవే?"

"నాతోని ఐతలేదత్తమ్మా. ఆయన బతికున్నడని గాదు నేను వాగుకు పోయేది."

ముసలామె కోడలి చెయ్యి పట్టుకుంది. "నాకెర్క లేదా బిడ్డా?" అంది. "రెండో పూట తింటే నా కొడుకును నేనే సంపుకున్నట్టయితదని భయం."

ఆ సాయంత్రం దోర్కా అన్నం కలిపి నోటికందించింది. దానమ్మ రెండు ముద్దలు మింగింది. మూడోది మింగలేక కక్కేసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

ఎముక దొరికిన చోటు చూడాలని ఆదివారం అచ్యుతరావు కూడా బస్సెక్కాడు. గట్టు విరిగిన చోట ఆయన చిన్న సుత్తితో మట్టి తొలుస్తుంటే, ఆమె తన అలవాటు ప్రకారం ముళ్లకంపలు కర్రతో ఎత్తి చూస్తూ ముందుకు పోయింది. ఉన్నట్టుండి ఆయన కేక పెట్టాడు.

"దోర్కా! ఇటు రా, తొందరగా!"

ఆమె పడుతూ లేస్తూ పరుగెత్తింది. ఆయన చేతిలో పళ్లతో సహా ఒక దవడ ఉంది, పెద్ద పశువు దవడ. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆమె రొప్పుతూ ఆ పళ్లకేసి చూసి, చతికిలబడింది. అప్పుడు ఆయనకు తానేం చేశాడో అర్థమైంది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు. దవడను జాగ్రత్తగా గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు. "నువ్వు ప్రతివారం ఎందాకా వెళ్తావు?"

"బ్రిడ్జి దాంక సార్."

"పద. అటు గట్టు నువ్వు చూడు, ఇటు నేను చూస్తాను."

ఎండలో ఇద్దరూ బ్రిడ్జి దాకా నడిచారు. ఒక చెప్పు కనబడితే ఆయనే తీసి చూపించాడు. అది రవి కుమార్‌ది కాదు. ఆ రోజు ఇంకేమీ దొరకలేదు.