గుడ్డ కప్పిన మెషీన్లు

సింహాచలాన్ని ఆ రోజు కూడా వెనక్కి పంపారు. కాళ్లు పొంగిపోయి, ఊపిరాడక, డయాలసిస్ సెంటర్ వరండాలో గోడకు చేరగిలబడ్డ మనిషిని భార్య నూకమ్మ, ఆటో డ్రైవరు చెరో రెక్కా పట్టుకుని లేపారు. లోపల ఆరు మెషీన్లున్నాయి. నాలుగే నడుస్తున్నాయి. మిగతా రెండింటి మీద గుడ్డ కప్పి ఉంది.

"అవి కాళీగున్నాయి గదా సిస్టరమ్మా! మా ముసిలోణ్ని ఎందుకు ఎక్కించరు?" అంది నూకమ్మ.

"నర్సులు లేరమ్మా. ఎల్లుండి రండి," అంది హెడ్ నర్సు ప్రసన్నలక్ష్మి.

ఆమె ఆ మాట అంటున్నప్పుడు రెండడుగుల దూరంలో బిందు, రజని నేల తుడుస్తున్నారు. వాళ్లిద్దరూ నర్సులే.

భావనపాడులో పడవల మీద బతికే ఇళ్ల పిల్లలు. ఫిలిప్పీన్స్‌లో నాలుగేళ్లు నర్సింగు చదివొచ్చారు. బయటి దేశపు చదువు గనక ఇక్కడ లైసెన్సు కావాలి. పరీక్ష రాసి పాసయ్యారు. ఈ సెంటర్లో ఆరు నెలలు పని నేర్చారని హెడ్ నర్సు సంతకం పెట్టిన కాగితం ఒక్కటే ఇంకా నర్సింగ్ కౌన్సిలుకు వెళ్లాలి. ఆ ఆరు నెలలు నిండి ఏడాదయింది. లైసెన్సు లేదని ఇంకా తుడుపు పనే చేయిస్తున్నారు.

"తొందరేటి సిస్టర్? లైసెన్సొస్తే రేపే విశాఖపట్నం ఎగిరిపోతారు. కాగితాలు బీరువాలో ఉండనీండి," అన్నాడు సెంటర్ నడిపే కాంట్రాక్టరు తారకేశ్వరరావు, ప్రసన్నలక్ష్మి సంతకం పెట్టబోయిన రోజున.

ఇక్కడ వైద్యం ఉచితం. ఇక్కడ వంతు దొరకనివాళ్లు టెక్కలిలో ఉన్న ఆయన సొంత ఆసుపత్రికి పోయి డబ్బు కట్టాల్సిందే. ప్రసన్నలక్ష్మికి అది తెలుసు. ఏటా ఆయన పొడిగిస్తేనే నిలిచే ఉద్యోగం ఆమెది. అందుకే నోరు మూసుకుంది.

సింహాచలం ఎల్లుండి దాకా ఆగలేదు. మర్నాడు ఊపిరి మరీ ఎగదన్నితే నూకమ్మ మళ్లీ ఆటో ఎక్కించింది. దారిలో వజ్రపుకొత్తూరు దాటకుండానే ప్రాణం పోయింది.

కబురు విని బిందు తుడిచే కర్ర కింద పడేసింది.

"మేడం, ఆ తాతకి నాను సూది పెట్టలేనా? మీరే గదా నేర్పించారు!"

ప్రసన్నలక్ష్మి లోపలికెళ్లి పనిలో పడింది. ఆ రోజంతా ఏ రోగి చెయ్యి పట్టుకున్నా ఆ వాచిన కాళ్లే కళ్ల ముందు కదిలాయి. చంపింది కాంట్రాక్టరని సరిపెట్టుకోబోయింది. మరి 'నర్సులు లేరు' అన్న నోరెవరిది?

మూడోనాడు నూకమ్మ ఒంటరిగా రాలేదు. ఎండుచేపలమ్మే ఆడవాళ్లు, వలలు ఒడ్డున వదిలేసిన మగవాళ్లు, వంతు కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన రోగులు, అంతా కలిసి వరండా నింపేశారు.

"గొడవ సేత్తే ఉన్న వంతూ పోద్ది. మీరు ఎల్లిపోతారు, రేపు నాను రావాల గదా ఈడికి," అన్నాడు కూర్మయ్య. వారానికి రెండుసార్లు మెషీనెక్కే మనిషి.

"మా ముసిలోడు గొడవ సేసినాడా కూర్మయ్య బావా? నోరెత్తకుండానే సచ్చిపోనాడు," అంది నూకమ్మ.

 కూర్మయ్య వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

తారకేశ్వరరావు కారు దిగాడు. "నర్సులు దొరకట్లేదు! దేశమంతా ఇదే బాధ. నన్నేం చెయ్యమంటారు?"

"దొరికారు!"

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో ప్రసన్నలక్ష్మి. 

"ఈ ఇద్దరూ నర్సులే. వాళ్ల కాగితాలు ఈయన బీరువాలో పెట్టించాడు. సంతకం పెట్టాల్సింది నేను. ఉద్యోగం పోతుందని పెట్టలేదు. నూకమ్మా, నర్సులు లేరని నీతో అబద్ధమాడాను."

 జనం లోపలికి తోసుకురాబోయారు. బిందు అడ్డంగా చేతులు చాపింది.

"ఆగండి! నలుగురు మెషీన్ల మీదున్నారు. ఆళ్లకేటైనా అయితే?"

జనం వరండాలోనే ఆగిపోయారు. ప్రసన్నలక్ష్మి తన దగ్గరున్న తాళంచెవితో బీరువా తెరిచింది. కాగితాలు బయటికి తెచ్చి, మందుల బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగా సంతకం చేసింది. "దొంగతనం! పోలీసుల్ని పిలుస్తున్నా!" అని తారకేశ్వరరావు ఫోను తీశాడు. అప్పటికే రజని ఆ కాగితాలు తీసుకుని ముగ్గురు ఆడవాళ్లతో పలాస పోస్టాఫీసుకు ఆటో ఎక్కింది.

జీపు వచ్చింది. బీరువాలో కాగితాలు దొంగిలించిందని ప్రసన్నలక్ష్మిని ఎక్కించారు. ఆమె నూకమ్మ వైపు చేతులు జోడించింది.

"నన్ను మన్నించమ్మా."

"మన్నించను," అంది నూకమ్మ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈ సంతకం ఎప్పుడో సేసుంటే నా మొగుడు బతికుండునే. ఈ జన్మలో మన్నించను. కానీ నువ్వు నోరిప్పినందుకు నిన్ను లోపలేసి, ఆ కంట్రాక్టరోణ్ని బైట ఒగ్గీసి తిరగనిత్తే ఊరుకోం."

ఆమె వెళ్లి జీపు ముందు రోడ్డు మీద కూర్చుంది. కూర్మయ్య పక్కన చతికిలబడ్డాడు. బిందు కూర్చుంది. ఒకరి వెనక ఒకరు, రోడ్డు కనబడకుండా కూర్చున్నారు.

"లెగండి! అందర్నీ అరెస్టు చేస్తాం," అరిచాడు ఎస్సై.

"సెయ్యండి," అంది నూకమ్మ. "ఎంతమందిమి ఉన్నామో ముందు లెక్కెట్టుకోండి."