పదిహేను రోజుల్లో తగిన చర్య

నేను ఒక చెక్కపెట్టెను. పెట్టే కదా అని తీసిపారేయకండి. హైదరాబాదు నడిబొడ్డున, రాతి మెట్లూ ఎత్తయిన స్తంభాలూ ఉన్న ఒక పేరుగల విశ్వవిద్యాలయంలో, పరిపాలనా భవనం వరండా గోడకు పద్నాలుగేళ్లు వేలాడినదాన్ని. ఆ విశ్వవిద్యాలయం పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్లకు కోపం వస్తుంది, వాళ్ల కోపం ఎలాంటిదో నాకు బాగా తెలుసు.

కెమిస్ట్రీ ల్యాబులో కాళ్లు విరిగిన టేకు బల్ల ఒకటి ఉండేది. వడ్రంగి లక్ష్మణాచారి దాన్ని కోసి, చిత్రిక పట్టి నన్ను తయారుచేశాడు. ఒక పలక మీద యాసిడ్ మరక ఎంత గీకినా పోలేదు. "లోపలి దిక్కు పెడితే ఎవరు చూస్తరు తియ్" అని దాన్ని లోపలికి తిప్పి మేకులు కొట్టాడు. మహానుభావుడు, ఆయన అన్నట్టే ఇన్నేళ్లలో నా లోపలికి చూసినవాళ్లు లేరు.

మొదట నన్ను విద్యార్థి సంఘం ఎన్నికలకు వాడారు. అబ్బో, అప్పుడు నా దర్జా చూడాలి! ఇద్దరు పోలీసుల కాపలా, నా మీద లక్క ముద్ర, నన్ను మోయడానికి నలుగురు. మూడేళ్లు అలా గడిచాక ఒకసారి ఓట్ల లెక్కింపులో రాళ్లు లేచాయి, తలలు పగిలాయి, ఎన్నికలు రద్దయ్యాయి. నన్ను మెట్ల కింద పడేశారు. తర్వాత ఎవరికో విద్యార్థుల అభిప్రాయాలు తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. నాకు నీలం రంగు పూసి వరండాలో వేలాడదీశారు. నుదుటి మీద తెల్ల అక్షరాలతో ఇలా రాశారు: "మీ అభిప్రాయాలు, విన్నపాలు ఇందులో వేయండి. పదిహేను రోజుల్లో తగిన చర్య తీసుకోబడును."

రాయడం వరకు బాగానే రాశారు. కానీ నన్ను తెరవాలంటే ముగ్గురు సభ్యుల సంఘం ఎదురుగా ఉండి సంతకాలు పెట్టాలని ఒక నిబంధన కూడా పెట్టారు. మొదట్లో ఒకటి రెండుసార్లు తెరిచారు. అంతలో ఆ ముగ్గురిలో ఒకాయన రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఎవరిని వేయాలనే ఫైలు ఏ బల్ల మీద పడుకుందో, మళ్లీ లేవలేదు. తాళంచెవి అటెండరు సాయిలు మొలతాడుకే ఉండేది. పాపం సాయిలు రోజూ పొద్దున్నే వచ్చి నా మీది దుమ్ము తుడిచేవాడు. తెరిచే అధికారం అతనికి లేదు.

విద్యార్థులు మాత్రం వేస్తూనే ఉన్నారు. మెస్సులో సాంబారు నీళ్లలా ఉందని, హాస్టల్లో కోతులు బట్టలు ఎత్తుకుపోతున్నాయని, ఫలానా ప్రొఫెసరు పాఠం చెప్పకుండా తన విదేశీ ప్రయాణాలు చెబుతున్నాడని. కార్లలో దిగే పిల్లలు వైఫై గురించి రాసేవాళ్లు. ఒకడైతే తాను ప్రేమించిన అమ్మాయికి రాసిన ఉత్తరం నాలో వేసి పోయాడు. నా ఖర్మ కాకపోతే ఏమిటి!

ఒక జూన్ నెలలో సుగుణ వచ్చింది. కామారెడ్డి అవతల ఒక పల్లె. తల్లి బీడీలు చుట్టి చదివించింది. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇక్కడ ఎం.ఏ. ఎకనామిక్స్‌లో సీటు. ఇవన్నీ ఎలా తెలుసునంటారా? చేరిన మూడో రోజే చెప్పులు మెట్ల దగ్గర విడిచి, గుళ్లోకి వచ్చినట్టు నా ముందుకు వచ్చి చీటీ వేసింది. అది ఇదిగో:

"ఇంత గొప్ప విశ్వవిద్యాలయంలో సీటు రావడం మా ఇంటిల్లిపాదికీ పండుగ. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఇక్కడి లైబ్రరీలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఈ అవకాశం ఇచ్చినవారికి కృతజ్ఞతలు. — సుగుణ, ఎం.ఏ. ఎకనామిక్స్."

నాలో పడిన వాటిలో కృతజ్ఞత చెప్పిన మొదటి చీటీ అది.

రెండో చీటీ ఆగస్టులో వేసింది. క్లాసులన్నీ ఇంగ్లిష్‌లో జరుగుతున్నాయని, తాను సందేహం అడిగితే వెనక వరుసలో నవ్వుతున్నారని, వారానికి ఒక్క గంట ఎవరైనా తెలుగులో వివరిస్తే చాలని రాసింది. పదిహేను రోజులు గడిచాక వచ్చి నోటీసు బోర్డు చూసింది. ఏమీ లేదు. మరో పదిహేను రోజులకు మళ్లీ రాసింది. డిక్షనరీ కొనుక్కున్నానని, ఇప్పుడు సగం అర్థమవుతోందని, మిగతా సగానికే సాయం కావాలని. నాలుగో చీటీలో క్షమాపణ కోరింది. మాటిమాటికీ విసిగిస్తున్నందుకట! అది చదివి నాకు ఒళ్లు మండింది. అరిచి చెప్పే గొంతు ఉంటే, "పిచ్చి పిల్లా, నన్ను నమ్మకు, ఆ తలుపులు బాదు!" అని చెప్పేదాన్ని.

ఏప్రిల్లో డెంగీ వచ్చి ఇరవై నాలుగు రోజులు మంచాన పడింది. హాజరు తగ్గింది. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు, మొదటి ఏడు పరీక్ష రాయకపోతే సీటు రద్దు. డాక్టరు సర్టిఫికెట్‌తో గడువులోగా అర్జీ పెట్టుకుంటే మాత్రం మినహాయింపు ఇస్తారు. ఆ గడువుకు ఒక్క రోజు ముందు, స్తంభాన్ని పట్టుకుని మెల్లగా నడుస్తూ వచ్చింది. మనిషి సగమైపోయింది.

కౌంటరు అద్దం వెనక సూపరింటెండెంట్ వరాహమూర్తి గారు ఉన్నారు. చెడ్డవాడేం కాదు, తల ఎత్తే అలవాటు లేదంతే.

"అర్జీలు ఇక్కడ తీసుకోమమ్మా. బోర్డు కనబడట్లేదా? పెట్టెలో వెయ్యి."

"సార్, రేపటితో గడువు అయిపోతది. మీ చేతికి తీసుకోండి సార్, జెర."

"పెట్టెలో వేస్తే నాకిచ్చినట్టేనమ్మా. వెళ్లు, వెనక లైనుంది."

వచ్చింది. సర్టిఫికెట్‌ను అర్జీకి పిన్నుతో గుచ్చి, నలగకుండా మెల్లగా నా నోట్లో జార్చింది. లోపల పడిన చప్పుడు విని, నా మీద చెయ్యి ఆనించి, "అయ్యా, జెర జల్ది చూడుండ్రి" అని ఎవరితోనో అన్నట్టు అంది. వినడానికి అక్కడ నేనూ, స్టూలు మీద సాయిలూ తప్ప ఎవరూ లేరు. సాయిలు తల దించుకున్నాడు.

పరీక్షకు కూర్చునేవాళ్ల జాబితాలో ఆమె పేరు రాలేదు. నెల తిరక్కుండానే సీటు రద్దు చేసినట్టు కాగితం అంటించారు.

ఆ తర్వాత మూడు వారాలకు ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురు వచ్చింది. ఇక చూడండి హడావిడి! స్తంభాలకు సున్నం, కుండీల్లో పూలమొక్కలు, విద్యార్థుల అభిప్రాయాలు ఏవీ అని నా మీద పడ్డారు. ఇన్నేళ్లు దొరకని మూడో సభ్యుడు ఒక్క పూటలో దొరికాడు. సంతకాలయ్యాయి, సాయిలు తాళం తీశాడు. డీన్ గారి బల్ల మీద నన్ను బోర్లించారు.

సాంబారు చీటీలన్నీ గోనెసంచిలోకి పోయాయి. వరాహమూర్తి గారు సుగుణ అర్జీ తీసి కళ్లద్దాలు సర్దుకున్నారు. ఆయన ముఖం పాలిపోయింది.

"సార్, ఇది గడువులోగానే వేసినట్టుంది. తేదీ ఉంది."

డీన్ గారు చూశారు. "వేసిన తేదీ కాదండీ, మనకు అందిన తేదీ లెక్క. ఇవాళ కదా అందింది? పక్కన పెట్టండి."

పక్కన అంటే గోనెసంచి. అర్జీ తర్వాత సుగుణ మొదటి చీటీ డీన్ గారి చేతికి తగిలింది. చదివి పొంగిపోయారు. "చూశారా! పల్లెటూరి పిల్ల, బీడీలు చుట్టే ఇల్లు, తెలుగులో ఎంత ముద్దుగా రాసిందో! దీన్ని ఫ్రేము కట్టించండి." సాయంత్రానికి ఆ చీటీ బంగారు రంగు ఫ్రేములో నా నెత్తి మీద గోడకు ఎక్కింది. తనిఖీ బృందం దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగింది.

జులైలో సుగుణ టీసీ కోసం వచ్చింది. మెట్ల దగ్గర చెప్పులు విడవలేదు. నా ముందుకొచ్చి తలెత్తి ఫ్రేము చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను.

"కాకా, మిగిలినయి ఏడున్నయి?" అని అడిగింది సాయిలును.

సాయిలు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "తాళంచెవి నా నడుముకే ఉండె బిడ్డా. తెరువుమని ఎవ్వరు చెప్పలె. నేను తెరువలె." ఏడుపు ఆపుకోలేక భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నాకు కన్నీళ్లు లేవు గానీ, ఉంటే ఆ రోజు నా పలకలు ఉబ్బిపోయేవి.

ఆమె కౌంటరు దగ్గరికి వెళ్లింది. వరాహమూర్తి గారి సీట్లో ఎవరో కొత్త గుమాస్తా ఉన్నాడు. తనిఖీ అయ్యాక ఇంకో నిబంధన వచ్చింది లెండి. విశ్వవిద్యాలయం మీద అభిప్రాయం రాసి ఇస్తేనే టీసీ మీద స్టాంపు పడుతుంది.

"నాకేం రాయ బుద్ధయితలేదు సార్."

"రాయకపోతే ఎలాగమ్మా? అదిగో గోడ మీద ఉందిగా, చూసి రాసెయ్. అందరూ అదే రాస్తున్నారు."

సుగుణ వెనక్కి వచ్చింది. కాగితాన్ని నా పైపలక మీద పెట్టుకుని, తలెత్తి చూస్తూ, ఒక్కో మాటా దించింది. ఇంటిల్లిపాదికీ పండుగ అని రాసింది. లేవబుద్ధి కాదు అని రాసింది. కృతజ్ఞతలు అని కూడా రాసింది. కింద సంతకం చేసి తీసుకెళ్లి ఇచ్చింది.

గుమాస్తా చదివి నవ్వాడు. "పేరు కూడా అందులోదే దించేశావేమిటమ్మా? పేరు మాత్రం నీది రాయాలి."

"నాదే సార్."

అతను టీసీ మీద పేరు చూశాడు. లేచి నిలబడి అద్దంలోంచి ఫ్రేము వైపు చూశాడు. నవ్వు ఎటుపోయిందో. స్టాంపు వేసి, కాగితం ఆమె వైపు జరిపి, చిన్న గొంతుతో, "పెట్టెలో వేసి వెళ్లమ్మా" అన్నాడు.

వేసి వెళ్లింది. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు అభిప్రాయాలన్నీ ఫోన్లలోనే తీసుకుంటున్నారట. నేను స్టోర్ రూములో, తిరగని ఫ్యాన్ల మధ్య ఉన్నాను. ఫ్రేము మాత్రం ఇంకా వరండాలోనే ఉందని విన్నాను. సుగుణ చివరి కాగితం నా లోపల, యాసిడ్ మరక మీద పడి ఉంది. రిటైరయిన రోజు సాయిలు ఇక్కడికి వచ్చి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా మీద పెట్టి వెళ్లాడు. అది అక్కడే ఉంది.