పడమటి కిటికీకి నాలుగు అట్టరెక్కలు

నేను ఒక అట్ట ఆసుపత్రిని. రాయలసీమలో ఒక పెద్దాసుపత్రికి కొత్తగా కట్టబోయే భవనానికి నమూనాని. ఇంజనీరమ్మ వకుళ బ్లేడుతో కోసి, గమ్ముతో అతికించి నన్ను తయారుచేసింది. నెలలు నిండని బిడ్డల గదిని ఉత్తరం వైపు పెట్టి, వెలుతురు కోసం పెద్ద అద్దం బిగించింది. అగ్గిపుల్లలతో ఉయ్యాలలు చేసింది. పడమర ఉన్న సూపరింటెండెంటు గారి గదికి ఎండ తగలకుండా కిటికీ బయట నాలుగు ఏటవాలు రెక్కలు అతికించింది.

అంతా బాగానే ఉంది, నా వాకిలి తప్ప. అది దక్షిణానికి ఉంది. వాస్తు ఒప్పుకోదని పెద్దలు పట్టుబడితే, వాకిలి తూర్పుకొచ్చేలా నన్ను పావు చుట్టు తిప్పారు. మనుషులకు దిక్కులంటే ఉన్న భయం ఎండంటే ఉండదు. వకుళ కూడా తొందరలో నక్షా కాగితం మీద ఉత్తరం చూపే బాణం గుర్తు మార్చి ఊరుకుంది.

సంతకాల రోజు వచ్చింది. సాయంత్రం నాలుగు గంటలు. కలెక్టరు గారు కలం తీశారు. అప్పుడు హెడ్ నర్సు సలోమి అడిగింది.

"మా బిడ్డల గది యా పక్కకొస్తాది తల్లీ?"

వకుళ చూపించబోయి ఆగిపోయింది. సలోమి ఎవర్నీ అడక్కుండా నన్నెత్తి, ఆ మీటింగు గది పడమటి కిటికీ దగ్గర వాకిలి తూర్పుకుండేలా పెట్టింది. ఉత్తరాన ఉండాల్సిన బిడ్డల గది అద్దం పడమటికి తిరిగింది; ఎండ అందులోంచి దూరి సూటిగా ఉయ్యాలల మీద పడింది. నాకు సిగ్గేసింది.

"ఈ ఎండకు పసిబిడ్డలు తాళరు సార్. పాత వార్డులో ఇప్పటికీ కిటికీలకు తడి దుప్పట్లు కడ్తాండాం."

"తర్వాత చూసుకుందాం లేమ్మా. సార్ వెళ్ళిపోవాలి," అన్నారు సూపరింటెండెంటు గారు.

వకుళ నోరు మూసుకుంటే ఎవరూ ఆమెను తప్పుపట్టేవారు కాదు.

"తప్పు నాది సార్," అంది. బ్లేడు తీసి, దక్షిణానికి చేరిన నా రెక్కల్ని చర్రున ఊడదీసింది. ప్రాణం పోయినట్టయింది.

"మరి నా గదికో?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"మీకూ పెడతాను సార్. ముందు వాళ్ళకి."

వాటిని బిడ్డల గది అద్దం బయట అతికించింది. గమ్ము ఆరలేదు. రెక్కలు జారిపోతుంటే వేళ్ళతో అదిమి పట్టుకుంది. ఉయ్యాలల మీద నీడ పడింది. కలెక్టరు గారు చాలాసేపు చూసి, నక్షాలో కూడా దిద్దించాకే సంతకం పెట్టారు. అందాకా ఆమె వేళ్ళు తియ్యలేదు.

భవనం లేచింది. నన్ను స్టోరుగదిలో బీరువా మీద పడేశారు. నా రెక్క మీద వకుళ వేలిముద్ర ఇంకా ఉంది.

నిన్న సలోమి వచ్చి, మరకలు పట్టిన పాత దుప్పట్లు మడిచి నా పక్కన పెట్టింది. మే నెల, సాయంత్రం నాలుగు గంటలు. దుప్పట్లు పొడిగా ఉన్నాయి.