రేవు మెట్ల మీద అన్నయ్య

క్యాలెండర్ల కంపెనీకి నదీతీరం ఫొటోలు తీయడం ఆమె పని. పొద్దుగుంకి దీపాలు వెలిగాక, ఆకాశంలో నీలం మిగిలుండే పావుగంటే ఆమెకు పనికొచ్చే వెలుగు. వదిన పోయినప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్న అన్నయ్యను ఆ సాయంత్రం బలవంతంగా వెంట తీసుకొచ్చింది.

దీపాల మీదే ధ్యాస పెట్టి, నిమిషానికొకటిగా నాలుగు ఫొటోలు తీసి, కెమెరా తెరమీద చూసుకుంది. మొదటిదాంట్లో అన్నయ్య రేవు పైమెట్టు మీద ఉన్నాడు. రెండోదాంట్లో సగం మెట్లు దిగాడు. మూడోదాంట్లో నీళ్ల అంచున ఉన్నాడు. నాలుగోదాంట్లో నడుము దాకా నీళ్లున్నాయి.

ఆమె చటుక్కున తలెత్తి నదివైపు చూసింది.

"అన్నయ్యా!"

అతను తిరిగి చూడలేదు. ఆమె కెమెరా వదిలేసి పరుగెత్తింది. పాచిమెట్ల మీద జారుతూనే నీళ్లలోకి దిగి, వెనకనుంచి అతని కాలరు రెండు చేతులా పట్టుకుంది.

"వదలవే, చొక్కా చిరుగుతుంది."

"చిరగనీ. నువ్వు పైకొచ్చేదాకా వదలను."

అతను కదల్లేదు. ప్రవాహం ఇద్దరినీ పక్కకు నెడుతోంది. కాలు ఎప్పుడు జారుతుందోనని ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడింది. ఏడుపు కూడా రావడం లేదు.

"నీకు ఈత రాదు కదే," అన్నాడతను.

"రాదు."

అతను మెల్లగా వెనక్కి తిరిగి, ఆమె మోచెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కించసాగాడు.