గొళ్ళెం ఎత్తు

మూడో తరగతి పిల్లలు బడిలో ఉన్నంతసేపూ గుక్కెడు నీళ్ళైనా ముట్టడం లేదని వాళ్ళ టీచరు బురుల్చా కనిపెట్టేసరికి అక్టోబరు సగం గడిచిపోయింది. పదింటి విరామంలో వంటావిడ రొట్టె ముక్కా, పాలు పోసిన టీ ఇస్తుంది. రొట్టె క్షణంలో మాయమయ్యేది. టీ గిన్నెలు మాత్రం నిండుగా అలాగే చల్లారిపోయేవి.

"నా టీకి ఏం రోగమొచ్చిందో అడుగు నీ పిల్లల్ని," అని వంటావిడ మూతి ముడుచుకుంది.

నారిన్ కొండల్లోని ఆ బడిలో బురుల్చా ఇరవై రెండేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ప్రతి సోమవారం మొదటి పీరియడులో బల్లలు వెనక్కి జరిపించి, ఇంటి నుంచి తెచ్చిన ఉన్ని తివాచీ మీద పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, తనూ వాళ్ళ మధ్య మఠం వేసుకు కూర్చునేది. ఏదో ఒక మాట అడిగేది. మాట్లాడేవాళ్ళు ముగించేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. ఆ నియమం తనకీ వర్తిస్తుంది. "చదువు మానేసి ముచ్చట్లేమిటమ్మా!" అని తోటి టీచర్లు నవ్వేవాళ్ళు.

ఆ సోమవారం ఆమె అడిగింది: "టీ ఎందుకు తాగట్లేదర్రా?"

ఉలుక్మాన్ అనే కుర్రాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి కిసుక్కున నవ్వాడు. బురుల్చా తొందరపెట్టలేదు. పొయ్యిలో బొగ్గు చిటపటలాడుతోంది. చాలాసేపటికి మేరిమ్ అనే పిల్ల తివాచీ అంచుని గోటితో గీకుతూ అంది:

"తాగితే ఒంటికొస్తుంది కదక్కా."

"వస్తే వెళ్ళిరావాలి."

"ఎలా వెళ్ళాలి? మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం లేదు. పెద్ద క్లాసు వాళ్ళు తలుపు తన్ని పారిపోతారు. నేను ఇంటికెళ్ళేదాకా బిగబట్టుకుంటాను."

"నేనూ అంతే," అంది ఇంకో పిల్ల. ఒక్కొక్క చెయ్యే లేచింది. ఆఖరికి ఉలుక్మాన్ చెయ్యి కూడా. ఇరవై ముగ్గురిలో పంతొమ్మిది చేతులు.

టీచర్ల మరుగుదొడ్డి వేరే ఉంది. దానికి తాళముంది. ఆ తాళంచెవి ఇరవై రెండేళ్ళుగా బురుల్చా జేబులోనే ఉంది.

చివాల్న లేచి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళబోయింది. అంతలోనే ఆగి అడిగింది: "నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"మీరు చెబితే 'చూద్దాంలే' అంటారాయన. మేమే చెబుతాం. మీరు పక్కన నిలబడండి చాలు," అంది మేరిమ్.

హెడ్మాస్టరు ఒముర్జాక్ భారీ మనిషి. పిల్లల మాట విని, బురుల్చా వైపు చూశాడు. "ఎవరు నూరిపోశారిదంతా వీళ్ళకి?"

"వాళ్ళనే అడగండి మాస్టారూ," అంది ఆమె.

"మా చిన్నప్పుడు అసలు తలుపే లేదు. మేం పెరగలేదా?"

"అయితే ఒక్కసారి మీరు లోపల ఉండి చూడండి మాస్టారూ," అంది మేరిమ్. "మేం బయట నిలబడతాం."

ఆయన మొహం ముడుచుకుంది. కాసేపు టేబుల్ మీద వేళ్ళతో కొట్టాడు. తర్వాత ఉన్ని టోపీ నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆయన లోపలికెళ్ళి తలుపు లాక్కున్నాడు. ఎవరూ తన్నలేదు. తన్నాల్సిన అవసరమూ లేకపోయింది. కొండ మీంచి వచ్చిన గాలి తలుపుని బార్లా తెరిచి గోడకేసి కొట్టింది. ఆయన మళ్ళీ లాక్కున్నాడు, మళ్ళీ తెరుచుకుంది. అంత మనిషీ ఒంగి, ఒక చేత్తో తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలెవరూ నవ్వలేదు. ఉలుక్మాన్ వెళ్ళి తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

బయటికొచ్చాక ఒముర్జాక్ ఒకే ముక్క అన్నాడు: "రేపటికి ఉంటుంది."

మర్నాటికి ఇనుప గొళ్ళెం వచ్చింది. విరామంలో పిల్లలు మళ్ళీ ఆయన గుమ్మం ముందు ఉన్నారు.

"పెట్టించాక కూడా ఏడుపేనా?" అని కసురుకుంటూనే వచ్చి చూశాడు. ఒకటో తరగతి బేగిమాయ్ మునివేళ్ళ మీద లేచి, ఎగిరెగిరి చెయ్యి చాపుతోంది. గొళ్ళెం ఆయన ఛాతీ ఎత్తున ఉంది.

"ఇలా రా తల్లీ. చెయ్యెత్తు. ఎగరకు. ఊఁ, అలా." ఆ చిన్ని వేళ్ళు తగిలినచోట ఆయన సుద్దతో గీత గీశాడు. స్క్రూడ్రైవరు తెప్పించుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, తనే మళ్ళీ బిగించాడు.

"పెద్ద క్లాసు వాళ్ళ సంగతి నేను చూస్తాను," అన్నాడు లేస్తూ.

"వద్దు మాస్టారూ, ముందు మేం మాట్లాడతాం," అంది మేరిమ్. అన్నట్టుగానే అయిదుగురు కలిసి ఏడో తరగతికి వెళ్ళి, తాము పొద్దున్నించీ ఎలా బిగబట్టుకుంటారో చెప్పి వచ్చారు. అక్కడ కొందరు తలలు దించుకున్నారట.

ఆ వారమే వంటావిడ రెండో కెటిల్ పొయ్యి మీద పెట్టాల్సి వచ్చింది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారర్రా ఈ దాహం!" అని గొణుగుతూనే అడిగినవాళ్ళకి అడిగినంత పోసింది.

తర్వాతి సోమవారం బురుల్చా తివాచీ మీద నిండు మనసుతో కూర్చుంది. "ఇంకేమైనా ఉన్నాయా చెప్పాల్సినవి?"

"ఉంది గానీ..." ఉలుక్మాన్ నసిగాడు. "అది మీ గురించక్కా."

"చెప్పు."

"డిక్టేషన్ కాగితాలిచ్చేటప్పుడు మీరు గట్టిగా చదువుతారు. 'ఉలుక్మాన్, పద్నాలుగు తప్పులు' అని. అందరూ నావైపు చూస్తారు. డిక్టేషన్ ఉన్న రోజు పొద్దున్నే నాకు కడుపులో నొప్పొస్తుంది."

ఆమె చెవులు వేడెక్కాయి. 'నీ మంచికేరా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వాడింకా ముగించలేదు. ఆమె పెదవులు బిగించి, వాడు ముగించేదాకా విన్నది. ఇరవై రెండేళ్ళలో తను అలా చదివిన పేర్లెన్నో లెక్కకి అందలేదు.

"ఎలా ఇవ్వమంటావు మరి?" అంది చివరికి.

"బోర్లా పెట్టి ఇవ్వండి. చాలు."

ఆ మధ్యాహ్నమే ఆమె ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి, నోరెత్తకుండా, కాగితాలు బోర్లా పెట్టుకుంటూ వచ్చింది. ఉలుక్మాన్‌వి ఈసారి పదహారు తప్పులు. వాడు కాగితం మూల కొంచెం ఎత్తి చూశాడు. దించేశాడు. మళ్ళీ ఎత్తాడు. ఆమె రెండు బల్లలు దాటి వెళ్ళాక మెల్లిగా పిలిచాడు:

"అక్కా, ఇదెందుకు తప్పు?"

మూడేళ్ళలో వాడు ఆ మాట అడగడం అదే మొదలు. బురుల్చా వెనక్కి వచ్చి, వాడి పక్కన ఆ ఇరుకు బల్ల మీదే సర్దుకుని కూర్చుని, పెన్సిలు అందుకుంది.