రెండు కాళ్ల ప్లగ్గు

బేసు గిటారు వాయించేవాడి పేరు జనానికి అక్కర్లేదు. పాడే అమ్మాయి పేరు అడుగుతారు, డ్రమ్ములవాడి జుట్టు గుర్తుపెట్టుకుంటారు. వెనక నిలబడి నాలుగు లావు తీగలు మీటేవాడెవడంటే, "ఆ పొడుగాయనా?" అంటారు, అంతే. ట్రూపులో మాత్రం అతన్ని లావుతీగ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది బావ. ట్రూపులో పాడే చెల్లెల్నిచ్చి డ్రమ్ములవాణ్ణి బావని చేసుకున్నందుకు లావుతీగకి దక్కిన కట్నం ఆ పేరొక్కటే.

సామాను విషయంలో లావుతీగతో వాదించి గెలిచినవాడు లేడు. కేబులు కొసన గిటారులోకి దూర్చే జాకులు బంగారు పూతతో అమ్మే షాపువాడి మొహం మీదే అన్నాడోసారి: "బంగారం పూస్తే కరెంటు మురిసిపోయి తొందరగా పరిగెడుతుందా?" అని. కేబుళ్లు తనే సోల్డర్ చేసుకునేవాడు. బ్యాటరీతో పనిచేసే గిటార్లంటే మంట, పాట మధ్యలో ప్రాణం వదిలే సరుకని. తీగలు మొద్దుబారితే పారేయడు, గిన్నెలో వేసి నీళ్లలో ఉడకబెడతాడు. జిడ్డు వదిలి మళ్లీ గంటల్లా మోగుతాయి. "ఉప్పు సరిపోయిందా అన్నయ్యా?" అని చెల్లెలు స్టవ్వు దగ్గరికొచ్చి మూత తీసి చూసేది.

ఇన్ని తెలిసినవాడికి ఒక్క రోగం ఉంది. పెట్టె గుయ్యిమంటే పడదు. పెట్టె అంటే ఆంప్లిఫయరు, పాతది, ఇద్దరు మోయాల్సినంత బరువు. మీటనప్పుడు అది నోరు మూసుకుని ఉండాలి. నాలుగేళ్ల కిందట ఒక స్కూలు ఫంక్షన్లో ఎన్ని మార్చినా గుయ్యిమనడం ఆగకపోతే, రంపపు బ్లేడు తీసుకుని ప్లగ్గుకున్న మూడో కాలు కోసేశాడు. పీక కోసినట్టు ఠక్కున ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ పెట్టెకి రెండు కాళ్లే.

ఆ మూడో కాలు పాటకి ఎందుకూ పనికిరాదు, నిజమే. దాని ఉద్యోగం వేరు. పెట్టె లోపల ఏదైనా పాడై కరెంటు ఇనుప ఒంటికెక్కితే, మనిషి ఒంట్లోకి పోనీకుండా దాన్ని నేలలోకి తోసేయడం. అంటే కాపలావాడు. ఇన్నాళ్లుగా దొంగ రాలేదు కదా, కాపలావాడెందుకని పంపించేసే ఇంటివాళ్లని మీరు చూడలేదా? లావుతీగ వాళ్లకి తీసిపోడు. పైగా అతను పాడడు, మైకు జోలికి పోడు, కాళ్లకి దళసరి రబ్బరు బూట్లు. కోసినవాణ్ణి ఏదీ కరవదు. ఈ లోకంలో అన్నిచోట్లా అంతే.

ఆ రోజు ఒక కంపెనీ ఆవరణలో కార్యక్రమం. సాయంత్రం నాలుగింటికి మొదలు. మధ్యాహ్నం దాకా వాన కురిసి ఆగింది. చెక్కల స్టేజీ నీళ్లు తాగి ఉబ్బి, అడుగు వేస్తే కిర్రుమంటోంది. షెడ్డు వెనక డీజిల్ జనరేటరు దగ్గుతోంది. సౌండు సరిచూసుకునే వేళ చెల్లెలు మైకు నోటి దగ్గర పెట్టుకుని, రెండో చేత్తో లావుతీగ గిటారు మీద లావు తీగని అలవాటుగా మీటబోయి, చివాలున చెయ్యి లాక్కుంది.

"అన్నయ్యా, మైకు కరుస్తోంది!"

"శ్రుతి తప్పితే కరుస్తుంది మరి," అన్నాడు బావ డ్రమ్ముల వెనక నుంచి.

"నీతో కాపురం చేస్తే శ్రుతేంటి, మతే తప్పుతుంది. నిజంగా బాబూ. పెదవి చుర్రుమంది."

ఆ తీగ మీటడానికి వాళ్ల ట్రూపు పెట్టింది పేరు. ఆఖరి పాటలో ఆమె ఎడం చేత మైకు పట్టుకుని పాడుతూ అన్న దగ్గరికి వచ్చి, కుడిచేత్తో అతని లావు తీగని నాలుగుసార్లు మీటుతుంది. జనం లేచి అరుస్తారు.

మైకు సెట్టు ముసలాయన చేతిలో టెస్టర్‌తో మెట్లెక్కి వచ్చాడు. మైకాయన అంటారు ఆయన్ని. ముప్పై ఏళ్లుగా ఇదే పని.

"ఏదీ నాయనా, నీ గిటారు ఇటు చూపించు."

టెస్టర్ కొస తీగకి ఆనించాడు. లోపలి చిన్న బల్బు ఎర్రగా వెలిగింది.

"టెస్టరుదేముంది పెద్దాయనా," అన్నాడు లావుతీగ. "దానికి పనేముంది, గోడకి పెట్టినా వెలుగుతుంది."

మైకాయన పెట్టె వెనక్కి వెళ్లి వైరు పట్టుకుని ప్లగ్గు దాకా పోయాడు. లాగి చూశాడు.

"దీనికి మూడో కాలేది?"

"మా బావ పరుగుకి అడ్డమొస్తోందని తీసేశాడండీ," అన్నాడు బావ.

ముసలాయన సంచీలోంచి పచ్చ తీగ ఒకటి తీసి, ఒక కొస పెట్టె ఇనుప ఒంటికి, రెండో కొస మైకులన్నీ కలిసే తన మిక్సరుకి కరిపించాడు. "అమ్మా, ఇప్పుడు పట్టుకో," అన్నాడు. చెల్లెలు భయంభయంగా మైకు పట్టుకుని, గిటారు తీగ ముట్టుకుంది. ఏమీ లేదు. మళ్లీ ముట్టుకుంది. "పోయింది!" అని నవ్వింది.

పోయింది కానీ, పెట్టె మొదలెట్టింది. గుయ్యి. చెవిలో జోరీగ కాదు, జోరీగల గుంపు.

"లోపల కెపాసిటరేదో పాడై కరెంటు లీకవుతోంది," అన్నాడు మైకాయన. "రేపు విప్పి మార్చు. ఇవాళ్టికి ఈ శబ్దం భరించు. ఈ తీగ మాత్రం తీయకు. విన్నావా? ఇవాళ తడి." చెప్పి, జనరేటరుకి డీజిల్ చూడడానికి దిగిపోయాడు.

షెడ్డు మేనేజరు గొడుగు ఊపుకుంటూ అప్పుడే వచ్చాడు. "ఏమిటయ్యా ఆ తేనెతుట్టె? పెద్దసారు ముందు వరసలో కూర్చుంటారు. పోయినేడు వచ్చిన ట్రూపు పెట్టె ఇలాగే మూలిగితే మధ్యలో దింపేశాం, తెలుసా?"

"ఐదు నిమిషాల్లో ఆగుతుంది సార్," అన్నాడు లావుతీగ.

ఎలా ఆగుతుందో అతనికి తెలుసు. చెల్లెలు మొహం కడుక్కోవడానికి వెళ్లింది, బావ టీకి వెళ్లాడు. లావుతీగ పెట్టె వెనక మోకాళ్ల మీద కూర్చుని ఆ పచ్చ తీగ వంక కాసేపు చూశాడు. ఎప్పుడూ జరగనిది ఇవాళే జరుగుతుందా? చురుక్కుమనడమేగా. చురుక్కుమంటే చచ్చిపోతారా? ఇలా తనకి తనే నాలుగు మాటలు చెప్పుకుని, క్లిప్పు ఊడదీసి, తీగని పెట్టె కిందికి తోశాడు. శబ్దం ఆగింది. పనిలో పనిగా స్పాంజి తొడుగొకటి తెచ్చి చెల్లెలి మైకుకి తొడిగాడు. పెదవి ఇనుముకి తగలకపోతే చాలుననుకున్నాడు. ఈ పనివాళ్లందరూ చేసే వైద్యమే ఇది. పామున్న పుట్ట మీద దుప్పటి కప్పడం.

"ఇదెందుకు అన్నయ్యా?" అంది చెల్లెలు వచ్చాక.

"గాలి హోరు రాకుండా."

ఆమె సరేనంది. అన్న సామాను విషయంలో చెబితే ఆమెకి వేదం.

నాలుగింటికి మొదలెట్టారు. రెండు పాటలు బ్రహ్మాండంగా సాగాయి. పెట్టె పసిపాపలా బుద్ధిగా ఉంది. పెద్దసారు బొటనవేలితో కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తున్నాడు. మూడో పాటలో సన్నగా జల్లు మొదలైంది. స్టేజీ మీద కట్టిన పట్టా ముందువైపు చాలలేదు, చెల్లెలు నిలబడేది అక్కడే. జుట్టు తడిసింది, మైకు తొడుగు తడిసి నల్లబడింది. మడమ జారుతోందని ఆమె చెప్పులు విప్పి పక్కకి తన్నేసి, తడి చెక్కల మీద వట్టికాళ్లతో నిలబడింది. జనం ఈలలు వేశారు.

లావుతీగకి వాసన తగిలింది. వేడెక్కిన దుమ్ము వాసన, దాని కింద ఇంకేదో పుల్లగా. వెనక్కి తిరిగి పెట్టెని చూశాడు. ఎర్ర దీపం మామూలుగానే వెలుగుతోంది. అలా తిరగడంలో అతని మోచెయ్యి బావ డ్రమ్ముల ముందు నిలబెట్టిన మైకుకి తగిలింది.

అది చురుక్కుమనడం కాదు. గుర్రం తన్నినట్టు భుజం దాకా కొట్టింది. చెయ్యి దానంతటదే ఎగిరి పక్కకి పడింది. రెండు స్వరాలు తప్పాయి. "ఏంటి బావా, నిద్రా?" అని బావ కర్రలు ఆపకుండానే అరిచాడు.

లావుతీగకి అర్థమైంది. మధ్యాహ్నం చీమ, ఇప్పుడు తేలు కాదు, తాచు. కెపాసిటరు పూర్తిగా పోయింది. పెట్టె ఒళ్లంతా కరెంటు. పెట్టె నుంచి కేబులు, కేబులు నుంచి గిటారు, గిటారు మీద నాలుగు తీగలు. ఇంతసేపూ అతను బతికుంది రబ్బరు బూట్ల పుణ్యాన. ఆ తీగ మీద ఇప్పుడు ఒక చెయ్యి, మైకు మీద ఇంకో చెయ్యి పడితే, ఆ రెండు చేతులకీ మధ్య ఉండేది గుండె.

పాట ఆపి చెప్పొచ్చు. "ఆగండి, నేనో తప్పు చేశాను" అంటే సరిపోయేది. అంత చిన్న వాక్యం అతనికి నోట రాలేదు. పాట అయ్యాక ఆ పచ్చ తీగ మళ్లీ తగిలించేస్తే ఎవరికీ తెలియదులే అనుకున్నాడు. కానీ బావ పాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చే రకం కాదు. చప్పట్లు ఆగకముందే కర్రలు కొట్టి, వాన పెరిగేలోపు అయిపోవాలని ఆఖరి పాటే ఎత్తేశాడు.

చెల్లెలు రెండు చరణాలు పాడింది. తర్వాత జనం వైపు తిరిగి కన్ను కొట్టి, ఎడం చేత మైకుతో, కుడిచేతి వేళ్లు గాలిలో ఆడిస్తూ అన్న వైపు నడిచింది. జనం ముందే అరుపులు మొదలెట్టారు. "ఒకటీ... రెండూ..."

లావుతీగ వెనక్కి అడుగు వేశాడు. ఆట పట్టిస్తున్నాడనుకుని ఆమె నవ్వుతూ ఇంకో అడుగు వేసింది. అతను తల అడ్డంగా ఊపాడు. "రావద్దు!" అని అరిచాడు. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? మైకు ఆమె దగ్గరుంది. వెనక పెట్టె నడుముకి తగిలింది, ఇంక చోటు లేదు. ఆమె వేళ్లు జానెడు దూరంలో ఉన్నాయి.

గిటారుకున్న కేబులు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

స్పీకర్లలోంచి పిడుగు పడ్డట్టు చప్పుడొచ్చింది. ముందు వరస ఉలిక్కిపడి లేచింది. బావ ఆపేశాడు. చెల్లెలి వేళ్లు తీగ మీద పడ్డాయి. టంగుమని చచ్చు చప్పుడు. ఆ తీగలో ఇప్పుడేమీ లేదు. అంతా అతని కుడిచేతిలో ఉన్న ఇనుప జాకులో ఉంది.

"ఏంటన్నయ్యా ఇది!" ఆమె మొహం ఎర్రబడింది. జనం గోల చేస్తున్నారు. మేనేజరు గొడుగుతో చూపించి ఏదో కేకలు వేస్తున్నాడు. ఆమె కోపం మింగి, నవ్వు తెచ్చిపెట్టుకుని, మైకులో అంది: "మా అన్నయ్యకి ఇవాళ చేతులు పని చేయట్లేదు. నోరు పని చేస్తుందేమో చూద్దాం. నువ్వే చెప్పు అన్నయ్యా, ఏమైందో!"

అని తడి తొడుగుతో మైకు తెచ్చి అతని నోటికి ఆనించింది.

జాకు పారేయడానికి వ్యవధి లేదు. అతని దవడలు బిగుసుకున్నాయి. అరుపు గొంతులోనే ఉండిపోయింది. చెయ్యి జాకుని వదలడం లేదు, జాకు చేతిని వదలడం లేదు. కళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. చెల్లెలి మొహంలో నవ్వు ఆరిపోవడం ఆ కళ్లతోనే చూశాడు. ఆమె మైకు వెనక్కి లాగేసింది. అదే క్షణంలో ఎవరో మెయిన్ స్విచ్చి కొట్టారు. జనరేటరు మాత్రం ఒంటరిగా దగ్గుతూ ఉంది. లావుతీగ గిటారుతో సహా చెక్కల మీద కూలిపోయాడు.

స్విచ్చి కొట్టింది మైకాయన. పరిగెత్తుకొచ్చి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు. "కొట్టుకుంటోంది. బతికాడు." ఆ మాట నోట్లో ఉండగానే బావ ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"నీ మైకు మధ్యాహ్నమే కరిచిందని మొత్తుకుంది కదరా ముసలాడా! పోయిందన్నావు!"

"తీగ వేశానయ్యా... నా చేతులతో వేశాను..."

"ఏదీ తీగ? ఏదీ?" మేనేజరు కూడా వచ్చాడు. "ఎంతకాలంగా చేస్తున్నావయ్యా ఈ పని? కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చోవాలి!"

ముసలాయన పెట్టె వెనక వంగి వెతుకుతున్నాడు. "వేశాను... ఇక్కడే... వేశాననే అనుకున్నాను..." ఆయన తనని తానే అనుమానించుకోవడం మొదలెట్టాడు. పేదవాడి మీద తప్పు ఎంత తొందరగా అతుకుతుందో చూడండి. జిగురు కూడా అక్కర్లేదు.

లావుతీగ అంతా వింటున్నాడు. అతని పెదాలు కాలి పొంగాయి. నోరు తెరవకపోతే ఎవరూ తప్పుపట్టరు. తప్పుకోవడానికి దారి తెరిచే ఉంది. చెల్లెలు అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. "ఆ ముసలాయన్ని వదలకండి" అంటోంది.

"నేనే," అన్నాడు లావుతీగ.

"మాట్లాడకు అన్నయ్యా."

"నేనే తీశా. తీగ. పెట్టె కింద ఉంది."

బావ చెయ్యి చొక్కా మీద నుంచి జారింది. మైకాయన పెట్టె కింద చెయ్యి పెట్టి పచ్చ తీగ బయటికి లాగాడు. ఎవరికీ చూపించలేదు. చుట్టచుట్టి తన సంచీలో పెట్టుకున్నాడు.

చెల్లెలు ఏడుపు ఆపేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"మూడో పాటలో రెండు స్వరాలు తప్పావు. అప్పటికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే నన్ను రానిచ్చావా?"

కేబులు లాగేశాను కదా అనొచ్చు. అనలేదు.

ఆమె అతని తలని ఒళ్లోంచి తీసి, మడిచిన పట్టా మీద జాగ్రత్తగా పెట్టింది. లేచింది. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కంపెనీ వ్యాను వెనక్కి వచ్చి ఆగింది. ఒకవైపు బావ పట్టుకున్నాడు. రెండోవైపు పట్టుకోమని ఆమెని ఎవరూ అడగలేదు. ఆ భుజం కిందికి వచ్చి నిలబడింది మైకాయనే. చెల్లెలు వాళ్లకి నాలుగడుగుల ముందు, వట్టికాళ్లతో వానలో నడుస్తూ, తీగ మీటే ఆ కుడిచేతిని ఒంటి మీది బట్టకేసి తుడుచుకుంటూ ఉంది. తుడిచినకొద్దీ తుడుస్తూనే ఉంది.