ఖాళీగా వెళ్లని డబ్బా

గుణవతి గుడ్డమూటను ఇంకో మెలిక తిప్పింది. లోపలి కొబ్బరికోరు బిగుసుకుని, వేళ్ల సందుల్లోంచి చిక్కటి పాలు స్టీలు గిన్నెలోకి ధారకట్టాయి. మొదటి పాలు ఒక గిన్నెలో, నీళ్లు చల్లి పిండిన రెండో పాలు ఇంకో గిన్నెలో. కూర ఉడకడానికి రెండోవి, దించేముందు మొదటివి. కోరడానికి మిషను ఉంది గానీ, పిండడం మాత్రం చేత్తోనే జరగాలని మారివిక్ పట్టు. మారివిక్ ఈ వంటగదికి పెద్ద వంటమనిషి. మరి కొన్ని గంటలే.

మలయు దేశంలోని సైబర్‌జయలో ఆఫీసుల మధ్య ఉన్న ఈ హోటల్లో అన్నీ ఫిలిప్పీన్స్ వంటలే. ఇలాంటివే ఇంకో మూడు ఊళ్లలో ఉన్నాయి. పొడవాటి బల్ల మీద పళ్లేలు వరసగా ఉంటాయి. ఒక్కో చోట ఒక్కో సీమ పేరు. ఒకసారి డబ్బు కట్టి ఎంతైనా వడ్డించుకోవచ్చు. 'బికోల్' అన్న పేరున్న చోట పెట్టేవన్నీ కొబ్బరిపాలతో వండినవి. ఆ సీమ మారివిక్ పుట్టిన చోటు. ఆ పాలు గుణవతి పిండినవి.

గుణవతికి అరవై దాటాయి. పొట్టి మనిషి, వంగిన భుజాలు, వల టోపీలోంచి బయటికొచ్చే తెల్ల వెంట్రుకలు. చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా ఉంటాయి. సుంగై సుమున్ కొబ్బరితోటలో పుట్టి, చిన్నప్పటి నుంచి చిప్పల్లోంచి కొబ్బరి ఊడదీసిన చేతులు అవి. పెనిమిటి అప్పలసామి పోయి, తోట పోయి, కొడుకు వెంట ఈ పక్కనున్న దెంకిల్ వచ్చాక కూడా ఆ చేతులకు కొబ్బరి పనే దొరికింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు నవ్వు వచ్చేది.

"ఏటి వదినా, కళ్లు అలగున్నాయేటి? పడుకోనేదా?" అంది పుష్పం, గిన్నెలు తోముతూనే. పుష్పం అప్పలసామికి చెల్లెలి వరస. ఆమెదీ ఆ తోటే.

"పాకుండలు సేసినాను. పాకం కుదరడానికి పొద్దుపోయినాది."

"ఆ అమ్మి కోసమేనా?"

"మరెవరికి? నీక్కూడా రెండు కాయితంలో సుట్టినాను."

"ఏటిలో ఎట్టినావు ఆ అమ్మికి?"

గుణవతి చూపు మూలనున్న తన సంచి మీదికి వెళ్లింది. పుష్పానికి తెలిసిపోయింది.

"పార్సిళ్లు కట్టీ తపావ్ సంచీలో ఎట్టిచ్చీ. డబ్బా ఇచ్చీసినావంటే సముద్రం దాటి ఎల్లిపోతాది. మరింక తిరిగొచ్చీదేటి?"

"ఉంచీసుకుంటే నా వంతు నేను సెయ్యనట్టే కదే."

"ఇచ్చీస్తే వంతులే అయిపోతాయి గదా."

గుణవతి మూటను గట్టిగా మెలిపెట్టింది. రాత్రంతా ఆమె తేల్చుకోలేకపోయిన మాట అదే.

అది మామిడి ఐస్‌క్రీం డబ్బా. పసుపు రంగు, మూత మీద సగం చెరిగిపోయిన మామిడికాయ బొమ్మ. ఎవరు కొన్నదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

గుణవతి పనిలో చేరిన వారంలోనే పొరపాటు చేసింది. ఎండబెట్టిన చేమాకును కొబ్బరిపాలలో ఉడికించే కూర ఒకటి ఉంది. మారివిక్ పొయ్యి చూడమని అప్పగించి బయటికి వెళ్లింది. చేమాకులో చింతపండు పడకపోతే గొంతు దురదపెడుతుందని గుణవతి కళ్లు తెరిచిన నాటి నుంచి వింటూ వచ్చింది. ఎవరో మరిచిపోయారు కాబోలనుకుని, పక్క పొయ్యి మీది చారు కోసం పిసికి ఉంచిన చింతపండు రసం కళాయిలో పోసేసింది. మారివిక్ వచ్చి రుచి చూసి, బియ్యం బస్తా మీద కూలబడి కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"మా అమ్మమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు, కాక్ గుణా," అంది మలయులో, అక్కా అని పిలుస్తూ. వాళ్లిద్దరికీ కలిసిన భాష అదొక్కటే.

ఆ కూర బల్ల మీదికి వెళ్లలేదు. చెత్తలోకీ వెళ్లలేదు. మారివిక్ దాన్ని ఐస్‌క్రీం డబ్బాలో తన గదికి తీసుకుపోయింది. మర్నాడు అదే డబ్బాలో అరిటాకు పరిచి, బంక బియ్యంతో చేసిన తీపి తెచ్చి ఇచ్చింది. ఖాళీగా ఇవ్వకూడదట, వాళ్ల ఊళ్లో తప్పట. గుణవతి డబ్బా పట్టుకుని నిలబడిపోయింది. పొరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు పిడికెడు బియ్యమైనా వెయ్యకుండా ఆమె తల్లి ఏనాడూ ఇవ్వలేదు. ఆ రోజు నుంచి డబ్బా ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. కూతురి కాన్పుకు మారివిక్ సెలవు మీద వెళ్లినప్పుడూ వంతు తప్పలేదు. డబ్బా ఆమె వచ్చేదాకా ఎదురుచూసి, ఇంకాస్త నిండుగా వెళ్లింది.

ఈసారి మారివిక్ సెలవు మీద వెళ్లడం లేదు. మనవరాలిని పెంచడానికి వెళ్తోంది. ఇక తిరిగి రాదు.

వీడ్కోళ్లు గుణవతికి ఎప్పుడూ కుదరలేదు. అప్పలసామి తోట లారీ ఎక్కి వెళ్లిన పొద్దున ఆమె కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో ఉంది. లారీ రాలేదు, కబురు వచ్చింది. పెళ్లయిన కూతురు జొహోర్ బస్సెక్కినప్పుడు ఆమె నీళ్లసీసా కొనడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బస్సు లేదు. అందుకే ఈ ఒక్కటీ తన చేత్తో చెయ్యాలనుకుంది.

మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లంతా ఒక్కసారి వచ్చిపడ్డారు. పళ్లేలు ఖాళీ అవుతున్నాయి, నిండుతున్నాయి. బికోల్ పళ్లెం అడుగు రెండుసార్లు కనిపించింది. అది చూసి గుణవతికి కడుపు నిండినట్టయింది. జనం పలచబడ్డాక చేతులు కడుక్కుని, సంచిలోంచి డబ్బా తీసి మారివిక్ ముందు పెట్టింది.

మారివిక్ మూత తీసి వాసన చూసింది. "కొబ్బరా?"

"బెల్లం, బియ్యప్పిండి కూడా. వారమైనా పాడవ్వవు. విమానంలో తిను. నీ మనవరాలికి మాత్రం పెట్టకు, పళ్లు రాలేదుగా."

"నాకే చాలవు," అని మారివిక్ నవ్వి, మూత బిగించి, డబ్బాను తన సంచిలో పెట్టుకుంది.

అయిపోయింది. గుణవతి పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లింది. అనుకున్నంత బాధ లేదు. నిండు డబ్బా వెళ్లింది, అది చాలు. సాయంత్రం వంటకు కొబ్బరికోరు గుడ్డలో వేసుకుని పిండడం మొదలుపెట్టింది.

విమానాశ్రయానికి వెళ్లే కారు చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. వెనక అడుగుల చప్పుడు విని గుణవతి తిరిగేసరికి మారివిక్ మామూలు బట్టల్లో, చక్రాల పెట్టెతో నిలబడి ఉంది. గుణవతి గబగబా చేతులు తుడుచుకోబోయింది. మారివిక్ తుడవనివ్వలేదు. రోజూ పొద్దున పనిలోకి వస్తూనే చేసినట్టు, వాళ్ల ఊళ్లో పెద్దలకు దండం పెట్టే తీరులో, ఆమె కుడిచేతిని పట్టుకుని, వేళ్ల వెనక భాగం తన నుదుటికి ఆనించుకుంది. నుదుటి మీద కొబ్బరిపాల మరక తెల్లగా అంటుకుంది.

"ఎల్లొస్తాను," అంది మారివిక్, గుణవతి నేర్పిన తెలుగులో.

"ఎల్లిరా అమ్మా."

మరక తుడుచుకోకుండానే వెళ్లింది. వెనక తలుపు రెండుసార్లు ఊగి ఆగిపోయింది. ఈసారి గుణవతి చూసింది, చివరిదాకా.

పాలు పిండే పని అయ్యాక ఏప్రన్ తగిలించడానికి వెళ్లిన గుణవతి, మారివిక్ అల్మరా తలుపు తెరిచి ఉండటం చూసింది. అడుగున ఎప్పుడూ ఉండే ఆమె పాత చెప్పులు లేవు. పై అరలో పసుపు డబ్బా ఉంది.

మరిచిపోయిందా? వద్దనుకుందా? ఎత్తి చూస్తే బరువుగా ఉంది. అడుగు ఇంకా గోరువెచ్చగా ఉంది. మూత తియ్యగానే ముందు చింతపండు వాసన తగిలింది. లోపల నల్లగా ఉడికిన చేమాకు, పైన తేలిన కొబ్బరినూనె.

"పొద్దున్నే వండీసినాది," అంది పుష్పం వెనకనుంచి. "నీకు సెప్పొద్దని మద్దేనం నాసేత ఒట్టేయించినాది. నువ్వు పాలు పిండతంటే ఎనక పొయ్యి మీద వెచ్చబెట్టినాది. నీ పాకుండలు తపావ్ సంచీలో కట్టీసుకున్నాది."

ఇద్దరూ బియ్యం బస్తా పక్కన కూర్చుని, మిగిలిన అన్నంలో కలుపుకుని తిన్నారు.

"పులుపు ఎక్కువేసినాది," అంది గుణవతి, మళ్లీ వడ్డించుకుంటూ.

"నీకంటేనా? అయితే ఇప్పుడు వంతు నీదే వదినా."

"నాదే."

"ఎప్పుడొస్తాదో ఏటో."

"ఒచ్చినప్పుడే ఇస్తాను. నాకేటి తొందర?"

డబ్బా తనే కడిగి, తుడిచి, తీసిన అరలోనే పెట్టింది. తలుపు వెయ్యబోయి ఆగి, పుష్పం కాగితం పొట్లంలోంచి ఒక పాకుండ అడిగి పుచ్చుకుంది. చెరిగిపోయిన మామిడికాయ బొమ్మ కింద, పసుపు డబ్బాలో ఆ ఒక్క పాకుండ.